రెండో పేజీ

జూన్ 18

మాకే వచ్చింది.

జిల్లా మండలి జరిపే ప్రజాసేవా వారంలో ఉత్తమ నిర్వహణకి మొదటి స్థానం మా రోడ్డు సెక్షన్‌కి. ఉత్తరం ఇంజనీరు గారే స్వయంగా తెచ్చి నా బల్ల మీద పెట్టారు. పదకొండేళ్ళలో ఆయన చేతి మీదుగా నాకు వచ్చినవన్నీ మెమోలే కాబట్టి ముందు గుండె ఆగినంత పనైంది. విప్పి చూస్తే అభినందన! చివరూరికి వెళ్ళే ఏడు కిలోమీటర్ల రోడ్డుని పేరు పెట్టి మెచ్చుకున్నారు. జ్ఞాపికలు రెండు. ఇన్‌స్పెక్టరుగా నాకొకటి, గ్యాంగ్ తరఫున మేస్త్రీకొకటి. జూలై తొమ్మిదిన మండలి సమావేశంలో ఇస్తారు.

నేను ఈ సెక్షన్‌లో చేరిన రోజు పక్క సెక్షన్ ఇన్‌స్పెక్టరు అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "గరిటె పట్టాల్సిన చెయ్యి గమేళా పడితే రోడ్లు ఇలాగే ఉంటాయి." ఇవాళ అతనే లేచి వచ్చి టీ తెప్పించాడు. చల్లారిన టీ. అయినా ఎంత బాగుందో.

ఊరికే రాలేదు మరి. సర్వే జీపు వస్తుందనగా నాలుగు రోజులు గ్యాంగ్‌ని పరుగులు పెట్టించాను. నాలుగో కిలోమీటరు నుంచి ఏడు దాకా ఉన్న గుంతలన్నిట్లో మట్టీ గ్రావెలూ కూరి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టించాను. కిలోమీటరు రాళ్ళకి సున్నం వేయించాను. పెద్దవాళ్ళు చూడ్డానికి వస్తున్నారంటే రోడ్డుకి స్నానం చేయించి బొట్టు పెట్టడం మా డిపార్టుమెంటు ఆనవాయితీ. అందరూ చేసేదే.

ఆ సర్వే గురించి వచ్చిన సర్క్యులర్‌కి రెండో పేజీ ఉందని తర్వాత తెలిసింది. నేను చూడలేదు. పిన్ను ఊడిపోయి ఉంటుంది.

జూన్ 19

హాల్లో అలమర పై అరలో మామగారి జ్ఞాపిక ఉంటుంది. ఆయన కూడా రోడ్డు ఇన్‌స్పెక్టరే, రిటైరై పదహారేళ్ళు. దాన్ని మధ్యలోంచి పక్కకి జరిపి, "ఇదిగో అమ్మాయ్, చోటు చేశాను" అన్నారు. మా ఆయన నవ్వాడు. "నాన్న జరిగాడంటే కొండ జరిగినట్టే. ఇంక నీకు తిరుగులేదు."

ఫొటో తనే తీస్తాడట. స్టూడియోకి ఆ రోజు సెలవు.

జూన్ 24

గ్రామీణ రోడ్ల అభివృద్ధి ప్రణాళిక జాబితా ఆఫీసు గోడ మీద అంటించారు. ఇరవై ఆరు రోడ్లు. తారు, ఎత్తు పెంచిన కల్వర్టులు, పక్క కాలవలు, అన్నీ. చివరూరి రోడ్డు లేదు.

రెండుసార్లు చదివాను. లేదు.

సంగతేమిటంటే, అవార్డుకీ ప్రణాళికకీ సర్వే ఒక్కటే. జీపులో కుదుపుల మీటరు ఉంటుంది. కిలోమీటరుకి ఎన్ని కుదుపులో అది లెక్క పెడుతుంది. అరవై దాటితే పాడైన రోడ్డు, జాబితాలోకి వెళ్తుంది. మన రోడ్డుకి ముప్ఫై ఒకటి. చిన్నప్పటి నుంచీ నేను ఏ పరీక్షా తప్పలేదు. ఫెయిలైతేనే పాసయ్యే పరీక్ష ఒకటి ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. వెళ్ళి వెళ్ళి అందులో ఫస్టొచ్చాను.

మళ్ళీ ప్రణాళిక ఐదేళ్ళ తర్వాతే.

ఆ రెండో పేజీ చూసి ఉంటే చేయించేదాన్నే కాదు. చూడలేదు.

జూన్ 25

మేస్త్రీకి ఇంకా తెలిసినట్టు లేదు.

జూన్ 27

తెలిసింది.

ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు ఆయనది. ఆగస్టు నెలాఖరుకి రిటైరవుతాడు. కాపురం చివరూళ్ళోనే. అంటే ఆయన రోజూ పనికి వచ్చేది ఆ రోడ్డు మీదే, పనిచేసేది ఆ రోడ్డు మీదే, ఇంటికి వెళ్ళేది ఆ రోడ్డు మీదే. జాబితా ముందు నిలబడి ఒక్కో పేరు మీదా వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుతున్నాడు. నేను లోపలికి జారుకుందామనుకున్నాను. చూసేశాడు.

"మన రోడ్డు పేరు లేదేంటమ్మా?"

"తక్కువ మార్కులొచ్చాయి మేస్త్రీ."

"తక్కువంటే?"

"తక్కువంటే... బాగుందని."

తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "అవునులెండి. మనం బాగా చేశాం కదా మరి."

దెప్పాడేమోనని మొహంలోకి చూశాను. దెప్పలేదు. నిజంగానే అన్నాడు. దెప్పి ఉంటే బాగుండేది. నాకూ నోరుంది, నాలుగు మాటలు అనేసి ఇంటికొచ్చి హాయిగా పడుకునేదాన్ని.

వెళ్తూ వెళ్తూ, తొమ్మిదో తారీకుకని కూతురు కొత్త చొక్కా కుట్టించిందని చెప్పాడు. తెల్లదట. "తారు పని చేసేవాణ్ణి, తెల్లచొక్కా తొడుక్కుని పెద్దవాళ్ళ మధ్యలో ఎట్టా నిలబడాలో ఏంటో" అని తనే నవ్వుకున్నాడు.

జూన్ 30

జాబితా కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. అభ్యంతరాలుంటే సంబంధిత సెక్షన్ ఇన్‌స్పెక్టరు జూలై ఎనిమిది సాయంత్రం ఐదు లోపల రాతపూర్వకంగా ఇవ్వాలి.

సంబంధిత సెక్షన్ ఇన్‌స్పెక్టరంటే నేనే.

మామగారిని అడిగాను, నా సంగతి అని చెప్పకుండా, వేరే సెక్షన్‌లో ఎవరికో జరిగినట్టు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా గొంతు నాకే తేడాగా వినపడింది. ఆయనకి అర్థమయిందో లేదో తెలీదు. పేపరు మడిచి అన్నారు కదా, "నా హయాంలో జీపు వస్తుందంటే తెల్లారేసరికి రాళ్ళు తళతళలాడాలి. గుంత కనబడితే ఇన్‌స్పెక్టరు పరువు పోయినట్టే. రోడ్డుకేం అమ్మాయ్, ఇవాళ కాకపోతే రేపు వేస్తారు. పోయిన పరువు ఎవరు వేస్తారు?"

ఈ మాట నాకు నచ్చింది. నచ్చినందుకు నా మీద నాకు చిరాకేసింది.

జూలై 2

అభ్యంతరం రాశాను. ఆరు లైన్లు. ‘సర్వేకి ముందు తాత్కాలికంగా పూడ్చిన కారణంగా మీటరు రీడింగు వాస్తవ పరిస్థితిని తెలపడం లేదు.’ ఎవరు పూడ్పించారో రాయలేదు. అడగరు కదా, అడిగితే చూసుకోవచ్చు.

ఇవ్వలేదు. ఎందుకంటే ఇది ఇస్తే అవార్డు రద్దవుతుంది. నాది పోతే పోయింది. మేస్త్రీది కూడా పోతుంది. జీవితంలో మొదటిసారి ఆయన్ని వేదిక మీదకి పిలుస్తున్నారు. చొక్కా కుట్టించుకున్నాడు. నా మనశ్శాంతి కోసం ఆయన నోటి దగ్గర ముద్ద లాక్కోవడం న్యాయమా?

నేను ఆలోచించేది మేస్త్రీ గురించే.

జూలై 4

వాన. రాత్రంతా కురిసి ఇంకా కురుస్తూనే ఉంది.

జూలై 5

స్కూటర్ మీద వెళ్ళి చూసొచ్చాను. మొదటి మూడు కిలోమీటర్లు పాత తారు, పర్లేదు. నాలుగో రాయి దగ్గర నుంచి మొదలు. మేం కూరిన మట్టంతా ఎర్రనీళ్ళై పక్క పొలాల్లోకి పోయింది. పైన పటారం, లోన లొటారం. గుంతలన్నీ ఎక్కడివి అక్కడ, ఇంకో బెత్తెడు లోతుగా. సున్నం వేసిన రాళ్ళు మాత్రం తెల్లగా మెరిసిపోతూ నిలబడ్డాయి, పెళ్ళి అయిపోయాక కూడా పందిట్లోంచి కదలని చుట్టాల్లా.

స్కూలు బస్సు కల్వర్టు దాటలేక అక్కడే ఆగిపోయింది. అక్కడి నుంచి ఊరు మూడు కిలోమీటర్లు. ఆడపిల్లలు పది పన్నెండు మంది, పుస్తకాల సంచులు నెత్తిన పెట్టుకుని, చెప్పులు చేతుల్లో పట్టుకుని, గుంతల అంచుల మీదుగా ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు. చివర ఉన్న పిల్ల నన్ను గుర్తు పట్టింది. మేస్త్రీ మనవరాలు.

"మేడం, మా తాతకీ మీకూ ప్రైజంట కదా! మంచి రోడ్డని!"

మిగతా పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. గొప్పగా చెప్పింది. చెప్పులు పట్టుకున్న చేత్తోనే మొహం మీద పడ్డ జుట్టు వెనక్కి తోసుకుంది.

నేను కూడా ఏదో అన్నాను. ‘బాగా చదువుకోండి’ అన్నానేమో. వాన చప్పుడులో సరిగ్గా గుర్తులేదు.

గుర్తుంది. అదే అన్నాను.

జూలై 6

వాన తెరిపిచ్చింది. మేస్త్రీ ఫోను చేశాడు. "పూడ్చమంటారా అమ్మా?"

"తొమ్మిదో తారీకు అయ్యాక చూద్దాం" అన్నాను.

"అట్టాగే" అన్నాడు. పెట్టేసే ముందు ఒక క్షణం ఆగాడు. నేనూ ఆగాను.

జూలై 8

సాయంత్రం ఐదింటికి టపా కిటికీ మూసేశారు. కాగితం నా బ్యాగులోనే ఉంది.

జూలై 10

నిన్నటిది నిన్న రాయలేకపోయాను.

మండలి హాలు నిండిపోయింది. గోడల నిండా ప్రజాసేవా వారం బ్యానర్లు. అజెండాలో మొదటి అంశం సన్మానాలు, రెండోది రోడ్ల ప్రణాళిక ఆమోదం. ఈ వరస చూసి నేనొక నిర్ణయానికి వచ్చాను. జ్ఞాపిక తీసుకున్నాక రెండు మాటలు మాట్లాడమంటారు కదా, అప్పుడు చెప్పేద్దాం. కాగితం కన్నా నోటితో చెప్పడమే ధైర్యం కదా అని పొద్దున్న అద్దం ముందు రెండుసార్లు చెప్పుకుని చూసుకున్నాను కూడా.

నీళ్ళ ట్యాంకరు డ్రైవరుకీ, ఫైరింజన్ వాళ్ళకీ, లైబ్రరీ ఆవిడకీ ఇచ్చాక మమ్మల్ని పిలిచారు. అధ్యక్షురాలు నాకు చెయ్యి కలిపి జ్ఞాపిక ఇచ్చింది. మా ఆయన కింద మోకాళ్ళ మీద కూర్చుని ఫొటో తీశాడు. మైకు నా చేతికిచ్చారు. మొదటి వరసలో మామగారు, పక్కన ఇంజనీరు గారు, వెనక ఆ గరిటె ఇన్‌స్పెక్టరు. చప్పట్లు ఆగాక నా నోట్లోంచి వచ్చింది ఇదీ:

"ఇందులో నా గొప్పేమీ లేదండి. రోడ్డు మీద చేసిందంతా మా మేస్త్రీయే."

అబ్బ, ఎంత చక్కటి వినయం! చప్పట్లే చప్పట్లు.

తర్వాత మేస్త్రీ. తెల్లచొక్కా గంజి పెట్టి ఇస్త్రీ చేశారు, అందులో బిగుసుకుపోయి ఉన్నాడు. జ్ఞాపిక అందుకున్నాడు. మైకు ఇవ్వబోతే వద్దంటాడనుకున్నాను. తీసుకున్నాడు.

"అమ్మా, అయ్యా, నాకు మాట్లాట్టం రాదు. ఆ రోడ్డు మంచిది కాదండి. జీపు వస్తుందని తెలిసి నేనే గుంతల్లో మట్టి పోశాను. నాకెవరూ చెప్పలేదు. పోయేముందు ఒక బహుమతి తెచ్చుకుందామని ముసలోడి ఆశ. మొన్న వానకి అంతా కొట్టుకుపోయింది. మా ఊరి పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నారు. ఇది మీరు తీసేసుకుని మా రోడ్డు మాకిచ్చెయ్యండి."

జ్ఞాపిక బల్ల మీద పెట్టాడు. జాగ్రత్తగా, చప్పుడు కాకుండా.

నేను ఆయనకి నాలుగడుగుల దూరంలో ఉన్నాను. నా జ్ఞాపిక నా చేతుల్లోనే ఉంది. నాకెవరూ చెప్పలేదు అన్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. నేను మాట్లాడటానికి ఒక్క అడుగు వేస్తే చాలు.

వేయలేదు.

రెండో అంశం వచ్చినప్పుడు, ఆ రోడ్డుకి మళ్ళీ సర్వే చేయిస్తామని అధ్యక్షురాలు ప్రకటించింది. అంటే రోడ్డుకి మంచే జరిగింది. ఇంటికి వస్తూ కారులో మా ఆయనతో అదే అన్నాను. తను గేరు మార్చాడు. మామగారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "మీ మేస్త్రీ గట్టివాడే" అన్నారు.

జ్ఞాపిక అరలో పెట్టలేదు. పెట్టమని ఎవరూ అనలేదు కూడా.

జూలై 14

మేస్త్రీకి మెమో ఇచ్చారు. అనుమతి లేకుండా పని చేసి సర్వేని తప్పుదారి పట్టించినందుకు. విచారణ తేలేదాకా రిటైర్మెంటు కాగితాలు కదలవు. వీడ్కోలు సభ కూడా ఉండదు.

మెమోలో రెండో పేరా: ‘పని యావత్తూ మేస్త్రీయే చేసినట్లు సెక్షన్ ఇన్‌స్పెక్టరు కూడా వేదికపై తెలిపి ఉన్నారు.’

నా వినయాన్ని సాక్ష్యంగా వేసుకున్నారు.

జూలై 15

అన్నం సయించలేదు.

జూలై 16

మేస్త్రీ పనికి వచ్చాడు. ఎప్పటిలాగే "నమస్తే అమ్మా" అన్నాడు. నేను ఫైల్లో తల దూర్చాను. ఫైలు తలకిందులుగా ఉందని ఆయన వెళ్ళాక చూసుకున్నాను.

జూలై 17

ఫొటో వచ్చింది. బాగా వచ్చిందని చెప్పకుండా మా ఆయన కవర్లో పెట్టి బల్ల మీద ఉంచి వెళ్ళాడు. ముందు నేను నవ్వుతూ ఉన్నాను. వెనక మేస్త్రీ, తన వంతు కోసం నిలబడి, చొక్కా చివర సర్దుకుంటున్నాడు. అప్పటికే ఏం చెప్పాలో ఆయనకి తెలుసు. మొహం చూస్తే తెలుస్తోంది.

జూలై 19

ఇంజనీరు గారు పిలిచారు. విచారణలో భాగంగా నా సంజాయిషీ కూడా కావాలట, ఇరవై ఒకటి లోపల.

"ఏం లేదమ్మా. ‘నేను ఎలాంటి ఆదేశమూ ఇవ్వలేదు’ అని ఒక్క లైను చాలు. మేస్త్రీ కూడా అదే రాసిచ్చాడు, తనకి కాగితం ఏదీ అందలేదని."

ఆయన పెన్ను మూత పెడుతూ, తీస్తూ అన్నారు. "మీ సైట్ ఆర్డర్ బుక్కు... బాగా నలిగిపోయినట్టుంది. కొత్తది తీసుకోండి. స్టోర్స్‌కి చెప్తాను."

గ్యాంగ్‌కి ఏ పని చెప్పినా ఆ పుస్తకంలో రాసి, సంతకం పెట్టి, పై కాగితం చింపి మేస్త్రీకి ఇవ్వాలి. కార్బన్ కాపీ పుస్తకంలో ఉండిపోతుంది. ఇంటికి తెచ్చాను. ఇప్పుడు నా ముందే ఉంది. జూన్ ఐదో తారీకు పేజీ. నా చేతిరాత.

‘కి.మీ. 4 నుంచి 7 వరకు గుంతలన్నీ జీపు వచ్చేలోపు పూడ్చవలెను. ఒక్కటి కూడా కనపడరాదు.’

ఆ రెండో వాక్యం కింద గీత కూడా గీశాను. కార్బన్ కాపీలో కూడా స్పష్టంగా పడింది, అంత గట్టిగా నొక్కాను.

ఈ ఒక్క పేజీ చింపడానికి ఎంతసేపు పడుతుంది?

జూలై 20

సెలవు రోజు. అందరూ పెళ్ళికి వెళ్ళారు. తలనొప్పని నేను ఆగిపోయాను.

ఈ డైరీ మొదటి నుంచీ చదివాను. నా కోసం నేను రాసుకున్నదాంట్లో కూడా అబద్ధాలాడాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడం విన్నాను గానీ, ఇంట్లో ఒక్కతే ఉండి తలుపులు వేసుకుని మరీ కళ్ళు మూసుకునే పిల్లిని ఇప్పుడే చూస్తున్నాను.

రెండో పేజీ చూశాను.

పిన్ను ఊడలేదు. జూన్ నాలుగున, మధ్యాహ్నం, టీ తాగుతూ రెండు పేజీలూ చదివాను. ‘ఈ రీడింగుల ఆధారంగానే గ్రామీణ రోడ్ల ప్రణాళిక రూపొందించబడును’ అని నాలుగో లైన్లో ఉంది. చదివి, మడిచి, డ్రాయర్లో పెట్టాను. మొదటి పేజీలో ఉత్తమ సెక్షన్ అని ఉంది. పదకొండేళ్ళుగా ఆ మాట నా సెక్షన్ పక్కన లేదు. రోడ్డు పనికి రాకపోయినా, ఒక్కసారి నేను పనికొస్తానని వాళ్ళందరి ముందూ అనిపించుకోవాలనుకున్నాను. అంతే. ఇంకే కారణమూ లేదు.

ఇంకొకటి. మర్నాడు ఆర్డర్ కాగితం చేతికిచ్చినప్పుడు మేస్త్రీ చదువుకుని అన్నాడు, "ఉన్నది ఉన్నట్టు చూపిద్దాం అమ్మా. గుంతలు కనపడితేనే కదా రోడ్డు వేసేది." రోలరు చప్పుడులో వినపడనట్టు చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాను. ఆయన మళ్ళీ చెప్పాడు. మళ్ళీ వినపడనట్టే ఊరుకున్నాను. మూడోసారి చెప్పలేదు. పార తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు రోలరు లేదు. రిపేరులో ఉంది.

జూలై 21

ఇచ్చేశాను.

సంజాయిషీలో ఒక్క లైను కాదు, రెండు పేజీలు రాశాను. సర్క్యులర్ రెండు పేజీలూ చదివానని, తెలిసే చేయించానని, మేస్త్రీ వద్దన్నా వినలేదని, వేదిక మీద నోరు మూసుకున్నానని. ఆర్డర్ బుక్కులోంచి పేజీ చింపలేదు, పుస్తకం పుస్తకమే జత చేశాను. టపా కిటికీలో ఇచ్చి రసీదు తీసుకున్నాను. ఇంజనీరు గారి చేతికి ఇస్తే ఆయన మంచితనం మళ్ళీ నాకు దారి చూపిస్తుందని భయం.

ఏదో పెద్ద బరువు దిగుతుందంటారు. దిగలేదు. బస్సెక్కాక రసీదు మళ్ళీ తీసి చూసుకున్నాను.

జూలై 23

మేస్త్రీ ఆఫీసు వెనక షెడ్డు దగ్గర పట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన నా మీద గొంతు పెంచడం ఇదే మొదటిసారి.

"ఎవరు రాయమన్నారు తల్లీ నిన్ను? జన్మకి ఒక్క అబద్ధం ఆడాను, అదీ పదిమందిలో. దాన్ని కూడా నిలబెట్టలేకపోయావా?"

"మీ కాగితాలు ఆగిపోతాయి మేస్త్రీ."

"నా కాగితాలు ఆగితే నాలుగు నెలలు ఆగుతాయి. నీకింకా పదిహేడేళ్ళ సర్వీసుంది. ఈ మచ్చ పదిహేడేళ్ళూ మోస్తావా? నేనైతే ఎట్టాగూ పోయేవాణ్ణి. నాకు మచ్చేంటి, నా ఒళ్ళంతా తారు మచ్చలే." అంటూ కోపంలోనే నవ్వొచ్చి, ఆ నవ్వు నాకు కనపడకూడదని అటు తిరిగాడు. "నువ్విచ్చిన కాగితం పొయ్యిలో పెట్టాను, ఇంకెవరికీ దొరకదని. ఈ కార్బను సంగతి నాకు తట్టలేదు."

"ఎందుకు చేశారు మేస్త్రీ? మీకు నేనేమవుతానని?"

"ఏమీ అవవు. పదకొండేళ్ళు ఎండలో మా పక్కన నిలబడ్డావు. అంతకు ముందొచ్చిన వాళ్ళు జీపు దిగేవాళ్ళు కాదు."

ఇది విన్నాక నేను ఏడవలేదు అని రాస్తే అది కూడా అబద్ధమే.

ఆగస్టు 5

ఆర్డర్లు వచ్చాయి. మేస్త్రీ మెమో వెనక్కి తీసుకున్నారు. నా పేరు పదోన్నతి జాబితాలోంచి తీసేశారు, మూడేళ్ళు. జ్ఞాపిక తిరిగి అప్పగించాలి. పాత పేపర్లో చుట్టి పట్టుకెళ్ళి ఇచ్చాను. గరిటె ఇన్‌స్పెక్టరు చూశాడు. ఏమీ అనలేదు. ఆ మాత్రం దయ అతనిలో ఉంటుందని నేను ఎప్పుడూ అనుకోలేదు. అందుకూ సిగ్గేసింది.

చివరూరి రోడ్డుకి మళ్ళీ సర్వే సెప్టెంబరు నాలుగున. అప్పటిదాకా నాలుగు నుంచి ఏడో కిలోమీటరు మధ్య గ్యాంగ్ ఒక్క గుంత కూడా ముట్టుకోకూడదు. ఉన్న స్థితి ఉన్నట్టే ఉండాలి. అది చూసే బాధ్యత సెక్షన్ ఇన్‌స్పెక్టరుది.

సెప్టెంబరు నాలుగు. మేస్త్రీ ఆగస్టు ముప్ఫై ఒకటిన దిగిపోతాడు.

ఆగస్టు 9

మామగారు అలమర పై అర తుడుస్తానని తన జ్ఞాపిక కిందికి దించారు. సాయంత్రానికి కూడా తిరిగి పెట్టలేదు. అడగబోయాను. "టీ పెట్టు అమ్మాయ్" అన్నారు.

ఆగస్టు 18

గ్యాంగ్‌ని వేరే రోడ్డు మీదకి పంపాను. మేస్త్రీ మాత్రం పొద్దున్నా సాయంత్రం ఆ దారినే రావాలి, పోవాలి. మొదటి వారం గుంతల్ని చూడకుండా తల తిప్పుకుని నడిచేవాడట. ఇప్పుడు అలవాటుగా ఒక్కోదాని దగ్గరా ఆగి, చెప్పుతో అంచు తట్టి చూసి వెళ్తున్నాడట. మనవరాలు చెప్పింది. "తాత ఇంట్లో కూడా చేతులు ఊరికే ఉంచట్లేదు మేడం, పెరట్లో మట్టి తవ్వి మళ్ళీ అక్కడే పోస్తున్నాడు."

ముప్ఫై నాలుగేళ్ళు గుంత కనపడితే పూడ్చిన చేతులవి. చివరి నెల వాటిని కట్టేసింది నేను. ఆ మెమోనైనా రద్దు చేయించగలిగాను, దీన్ని ఏ ఆర్డరుతో రద్దు చేయించాలి?

ఆగస్టు 31

సభ పెడదామని ఆఫీసులో అన్నారు. మేస్త్రీ వద్దన్నాడు. "వేదికలు నాకు అచ్చిరావు" అన్నాడట.

సాయంత్రం హాజరు వేసే మస్టర్ పుస్తకం తీసుకుని నేనే వెళ్ళాను. ఆయన నాలుగో రాయి దగ్గర కూర్చుని ఉన్నాడు, సామాను అప్పగించడానికి. పార, గమేళా, దిమ్మిస, అన్నీ కడిగి ఆరబెట్టి వరసగా పెట్టాడు. ఆయన ముందే, రోడ్డుకి అడ్డంగా పెద్ద గుంత, నిన్నటి వాననీళ్ళతో. దిమ్మిస పిడి ఆయన అరిచేతులకి అరిగి నున్నగా ఉంది.

సంతకాలయ్యాయి. ఇంక లేవాలి. ఇద్దరం లేవలేదు.

"అమ్మా" అన్నాడు, గుంత వైపు చూస్తూ. "ఇదొక్కటి పూడ్చి వెళ్ళిపోనా? ఒక్క గుంతకి మీటరు ఏం మారుతుంది?"

అడిగిన తీరు చూస్తే, ఆయన ఈ ముప్ఫై నాలుగేళ్ళలో నన్నే కాదు, ఎవర్నీ ఏదీ అడిగినట్టు లేదు. కల్వర్టు అవతల పిల్లలు బస్సు దిగి వస్తున్నారు, చెప్పులు చేతుల్లో. సరే అందామని నోటిదాకా వచ్చింది. ఈ రోడ్డు మీద ఆయనకి నేను బాకీ పడ్డదాంట్లో ఒక్క గుంత ఏపాటి?

"వద్దు మేస్త్రీ."

జూన్‌లో నాకు నేనే చెప్పుకోవాల్సిన మాట మూడు నెలలు ఆలస్యంగా, చెప్పకూడని మనిషికి చెప్పాను. ఆయన నా మొహంలోకి చూశాడు. కోపం లేదు. "అంతేలెండి" అని తువ్వాలు దులుపుకుని లేచాడు.

మస్టర్‌లో చివరి గడి మిగిలింది. ఆ రోజు చేసిన పని రాయాలి. ఖాళీగా వదలకూడదు, ‘పని లేదు’ అని రాస్తే ఆ రోజు హాజరు లెక్కలోకి రాదు. చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. తర్వాత రాశాను, కింద గీత గీయకుండా, మామూలుగా.

‘కి.మీ. 4 నుంచి 7. రోడ్డు ఉన్నది ఉన్నట్టు ఉంచడమైనది.’

ఆయన వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదివాడు. రెండోసారి కూడా చదివాడు. సంతకం పెట్టాడు.